త్రి శబ్దముతో మొదలగు శాస్త్రపదములు

వికారాబాదు జిల్లాలోని బొంరాస్‌పేట ప్రాంతమున కంది పరిచయము లేని బాలుడుండడు. పొరుగుననున్న తాండూరు పేరిట ప్రసిద్ధికెక్కిన కందికి 2022వ సంవత్సరమున భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ కంది కొమ్మను చేత బట్టి చూడుడు. కాడ కాడకు మూడేసి ఆకులున్నట్లు తోచును. దీనిని వృక్షశాస్త్రజ్ఞులు త్రిపత్రకమందురు. మూడాకులు కలది కనుక ఆ పేరు వచ్చినదనుకొనుట పొరపాటు. అక్కడ ఉన్నది ఒక్కటే ఆకు. మూడును దాని భాగములైన పత్రకములు. కాడ కొమ్మను కలియుచోటికి గ్రీవమని పేరు. మొగ్గ ఆ గ్రీవమునందే పుట్టును. పూగుత్తియు అచ్చటినుండియే వెలువడును. పత్రకముల మొదట మొగ్గ యుండదు. ఈ గురుతు తెలిసినచో ఏది ఆకో, ఏది ఆకులోని భాగమో చేనిగట్టు మీదనే తేల్చవచ్చును. మారేడాకునకును ఇదే లెక్క.

వ్యాకరణమును ఈ మాటనే చెప్పుచున్నది. త్రిపత్రకమనగా మూడు పత్రకములు కలది, ఇది బహువ్రీహి. లెక్కింపబడునవి మూడు, పేరు పొందినది ఒకటి. త్రిభుజమును అట్టిదే. క్రీస్తుశకము అయిదవ శతాబ్దివాడైన ఆర్యభటుడు తన ఆర్యభటీయమున ఈ పదమునే వాడెను. త్రికోణమితిలో లెక్కకు వచ్చునవి భుజములు కావు, కోణములు. ఇంగ్లీషువారి ట్రిగనామెట్రీ గ్రీకు పదములతో కూర్చబడినది. అందలి మొదటి భాగమునకును మూడనియే అర్థము. గ్రీకు సంస్కృతములు ఒకే కుటుంబపు భాషలగుటచే ఈ పోలిక కలిగినది. తెలుగు వేరొక కుటుంబము. మన మూడు సమాసమున ము యగును: ముక్కోణము, ముక్కంటి, ముమ్మారు.

కావున త్రి యని కనబడినప్పుడు ‘ఏవి మూడు?’ అని అడుగవలెను. హృదయపు కుడిభాగమునందలి అగ్రత్రయ కవాటమునకు మూడు రేకులు. (ఇందు సంఖ్య పదము చివరకు జరిగినది.) ట్రైటియము ఉదజనిలో ఒక రకము. దీని కేంద్రకమున ఒక ప్రోటాను, రెండు న్యూట్రానులు, వెరసి మూడు కణములు. ప్రోటానులే మూడున్నచో అది ఉదజని కానేకాదు, లిథియమగును!

మాంసకృత్తులను జీర్ణము చేయు ట్రిప్సిను మాటయో? అది రుద్దుట యను అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. అందు మూడునకు తావే లేదు.