ఇంటి పన్నులోనే పుస్తకాల వాటా ఉంది

ఇంటి పన్ను రసీదును ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే సొమ్ము అది. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా సొంత ఇల్లున్న ప్రతి ముస్లిం కుటుంబమూ దాన్ని కడుతూనే ఉంది. కానీ ఆ సొమ్ముతో నడిచే గ్రంథాలయం గడప తొక్కిన తల్లులు మన మహల్లాల్లో ఎందరున్నారు?

ఈ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. ఇంటి పట్టునే చదువు సాగించవలసిన పిల్లలు మనలో తక్కువేమీ కారు. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్ళు బడికి దూరమైన అబ్బాయి, హైస్కూలు దూరమని ఎనిమిదో తరగతితో ఆగిపోయిన అమ్మాయి, జబ్బు వల్ల బడికి వెళ్ళలేని బిడ్డ. నగరాల్లో కొందరు ఏరికోరి చేసే ఈ పనికి హోమ్ స్కూలింగ్ అని పేరు. మన ఊళ్ళలో ఆ పేరు లేదు గాని పని జరుగుతూనే ఉంది, చాలా ఇళ్ళలో పుస్తకమన్నదే లేకుండా. నా మటుకు నేను, వెళ్ళగలిగిన బిడ్డను బడి మాన్పించడం మేలు కాదంటాను. మానిన బిడ్డను ఊరికే వదిలేయడం అంతకన్నా చేటు.

నిజానికి పుస్తకానికి కరువున్న ప్రాంతం కాదు మనది. పెదపాలెంలో గ్రంథాలయ సేవ చేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలను పడవకెక్కించి, పెదవడ్లపూడి, కొల్లిపర ప్రాంతపు కాలువ మీద ఊరూరా తిప్పించారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళాలన్నది ఆయన పద్ధతి. ఇక వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది. 1929లో గాంధీగారు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. బాపట్ల నుంచి చీరాల వైపు వెళ్ళే రైలెక్కితే ఎంతో దూరం కాదు. సెలవుల్లో ఒక పూట పిల్లలను తీసుకెళ్ళి, తాతల కాలపు పత్రిక ఎలా ఉండేదో చూపించవచ్చు.

తెనాలి వారికి చందమామ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1947లో నాగిరెడ్డిగారితో కలిసి దాన్ని ప్రారంభించిన చక్రపాణిగారు, తర్వాత ఏళ్ళ తరబడి దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు తెనాలి వారే. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుతూ రెంటిలోనూ తడబడే మన పిల్లలకు ఆ చిన్న చిన్న వాక్యాలంత మంచి గురువు దొరకడని ఉపాధ్యాయుడిగా నా నమ్మకం. పత్రిక ఆగిపోయింది గాని పాత సంచికలు ఉన్నాయేమో గ్రంథాలయంలో అడిగి చూడండి.

కొద్దిపాటి డిపాజిట్టు కడితే సభ్యత్వం ఇచ్చి, పుస్తకం ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈ గ్రంథాలయాలకు వారపు సెలవు శుక్రవారమే. జుమా నమాజు ముగించుకొని వెళ్ళి, తాళం చూసి వచ్చి, ‘అది ఎప్పుడూ మూసే ఉంటుంది’ అని చెప్పేవారు నాకు చాలామంది తెలుసు. ఆదివారం వెళ్ళండి, అమ్మీలను కూడా తీసుకెళ్ళండి.

ఇక ఫోను ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన దీక్షాలో పాఠ్యపుస్తకాలు, పాఠాలు ఉచితం. పుస్తకంలో అచ్చయిన క్యూఆర్ గడిని ఫోనుతో చూపితే ఆ పాఠానికి సంబంధించినది తెరుచుకుంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ పెద్ద పిల్లలకు పనికొస్తుంది. నాకు ఎక్కువగా నచ్చింది మాత్రం ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెచ్చిన స్టోరీవీవర్. అందులో తెలుగు కథలూ ఉర్దూ కథలూ ఉన్నాయి. రెండు భాషల్లోనూ ఉన్న కథను ఎంచుకుంటే దాదీమా ఉర్దూలో చదివి వినిపిస్తుంది, మనుమరాలు తెలుగులో చదివి చెబుతుంది. ఉర్దూ రాని పిల్లలూ తెలుగు లిపి రాని పెద్దలూ ఒకే ఇంట్లో ఉన్న మనకు ఇంతకంటే ఏం కావాలి? నస్తాలీఖ్ అక్షరాలను చిన్న తెర మీద చదివితే కళ్ళు లాగుతాయి కనుక, కథను దించుకొని జిరాక్సు షాపులో అచ్చు తీయించండి. ఉర్దూ వచ్చిన పెద్దలకు రేఖ్తాలో వేల పుస్తకాలున్నాయి. పిల్లల చేతికి ఇచ్చే ముందు మాత్రం మీరు చదివి ఏరాలి.

ఇంట్లో ఎంత చదివినా చివరికి సర్టిఫికెట్ అడుగుతారు. 14 ఏళ్ళ లోపు బిడ్డకైతే దారి సులువే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం మధ్యలో బడి మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. హిఫ్జ్ పూర్తిచేసిన పన్నెండేళ్ళ అబ్బాయిని చిన్న తరగతిలో కూర్చోబెట్టవలసిన పని లేదన్నమాట. 14 దాటినవారికి సార్వత్రిక విద్య ఉంది. రాష్ట్రంలో 1991 నుంచి ఓపెన్ స్కూల్ సొసైటీ నడుస్తోంది, జాతీయ స్థాయిలో 1989లో ఏర్పడిన ఎన్ఐఓఎస్ ఉంది. ఎన్ఐఓఎస్ పదో తరగతికి ఐదు సబ్జెక్టులు చాలు, ఉర్దూను ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. కాబట్టి పెళ్ళయిన అమ్మాయి కూడా ఒక్కో సబ్జెక్టు చొప్పున నెమ్మదిగా పూర్తిచేయవచ్చు. పాస్ గ్యారంటీ అంటూ వేలకు వేలు అడిగే మధ్యవర్తుల జోలికి పోకండి.

దరఖాస్తు నింపే ముందు ఆధార్, జనన ధ్రువపత్రం, పాత బడి టీసీ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. షేక్ అన్న మాటనే ఇంగ్లీషులో ఒక కాగితం మీద ఒకలా, మరో కాగితం మీద ఇంకోలా రాస్తారు. బేగం ఒకచోట ఉంటుంది, మరోచోట ఉండదు. వాటిని ముందే సరిచేయించుకుంటే హాల్ టికెట్ వచ్చే వేళ ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.