టీవీ ఆటలును, పాత ఆటగాండ్ర మొరయును

వీడియో ఆటలను గూర్చి పాఠశాలా సంచికలో వ్రాయుట తగునా యని తలిదండ్రులలో కొందరు సందేహింపవచ్చును. వికారాబాదు, తాండూరు పట్టణములందు టెలివిజనుగాని చేతి ఫోనుగాని లేని యిల్లు నేడు అరుదు. అవి యున్నచోట ఆటయు నున్నది. పిల్లలు దేనితో ప్రొద్దు పుచ్చుచున్నారో పెద్దలు ఎరుగుట మంచిది కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఈ ఆటల నెరిగినవారిలో చిరకాలముగా నొక తగవు కలదు. ఆటయంత్రములను, అనగా కన్సోలులను, దీక్షతో నాడువారి కొరకు చేయవలెనా, తీరిక దొరికినప్పుడు పది నిమిషములాడి లేచిపోవువారి కొరకు చేయవలెనా యనునదే యా తగవు. ముప్పది యేండ్లుగా నాడుచున్నవారము గనుక మేము మొదటి పక్షమునకు చెందినవారము. ఈ సంగతి ముందుగనే చెప్పివేయుట న్యాయము.

జపాను దేశమున క్యోటో నగరమునందు 1889లో పేకముక్కలు చేయుటకై స్థాపింపబడిన నింటెండో సంస్థ, 1983లో ఫామికం అను ఆటయంత్రమును వెలువరించెను. మన ఊళ్లకు 1990 తరువాత వచ్చినవి చాలవరకు దానికి అనుకరణములు. వానిని జనులు టీవీ గేమనియు, ఆట యిమిడియున్న పెట్టెను క్యాసెట్టనియు పిలిచిరి. వికారాబాదును తాండూరును సికిందరాబాదు–వాడి రైలుమార్గముననే యుండుటచేత, పట్టణమునకు పనిమీద పోయిన పెద్దలు తిరిగి వచ్చునపుడు ఒక క్యాసెట్టు తెత్తురని పిల్లలు ఎదురుచూచెడివారు. కోనామి సంస్థవారి కాంట్రా యను ఆటలో ఆటగానికి 3 ప్రాణములు మాత్రమే. ఒక్క గుండు తగిలిన ఒక ప్రాణము పోవును. ఎంతవరకు వచ్చితిమో గుర్తుంచుకొను సదుపాయము ఆ యాటలో లేదు. ఆరవ ఘట్టమున నుండగా కరెంటు పోయినచో, అది తిరిగి వచ్చిన పిదప మొదటి ఘట్టమునుండియే ఆరంభింపవలెను. కరెంటు పోని సాయంత్రము ఆ దినములలో ఎన్నడో గాని యుండెడిది కాదు.

ఆ యాటలు అంత కఠినముగా నుండుటకు కారణమేమి? పాత ఆటగాండ్రు దానిని తమ శౌర్యమునకు తగిన పరీక్షగా తలంతురు గాని, అసలు కారణములు వేరు. మొదటిది వర్తకము. ఈ ఆటలలో పెక్కింటి మూలము నాణెము వేసి ఆడెడి యంత్రములు. ఆటగాడు త్వరగా నోడిన గాని రెండవ నాణెము పడదు. రెండవది స్థలాభావము. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట యావత్తును 40 కిలోబైట్లలో ఇమిడియున్నది. నేటి ఫోనుతో తీసిన ఛాయాచిత్రమొక్కటి దానికి ఎన్నో రెట్లుండును. అంత చిన్న ఆటను మాసముల తరబడి ఆడింపవలెనన్న కష్టమును పెంచుట తప్ప మార్గము లేదు. చేసినవారికే యీ కష్టము భారమైన సందర్భము గలదు. 1986లో గ్రాడియస్ అను ఆటను ఫామికమునకు మార్చుచు పరీక్షించిన హషిమొటో కజుహిసాకు దానిని ముగించుట సాధ్యము గాలేదు. అందుచే తన సౌకర్యమునకై ఒక గుప్త సంకేతమును అమర్చుకొనెను: పైకి రెండుసార్లు, క్రిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, మరల ఎడమ, కుడి, పిమ్మట బి, ఏ. ఈ సంకేతమే కాంట్రాలో 3 ప్రాణములను 30 చేసెను. అది తెలియని బాలుడు మా యెరుకలో లేడు.

ఈ సందర్భమున మన పులిమేక యాటను తలచుకొందము. తాండూరు నాపరాతి బండపై బొగ్గుతో గీతలు గీసి, 3 పులులను 15 మేకలను గులకరాళ్లతో నడిపించుట పెద్దలెరిగినదే. చేయి తిరిగిన తాత మనుమనితో నాడునపుడు, మొదట చచ్చిన మేకను ఒకటి రెండు మార్లు తిరిగి యిచ్చును. మనుమడు నేర్చుకొన్నకొలది ఆ దయ తగ్గిపోవును. సులభత యెంతవరకు చూపవలెనో ఎదుట కూర్చున్న మనిషి నిర్ణయించెను. యంత్రమునకు ఎదుటివా డెవడో తెలియదు. కావున అది యందరికిని కఠినముగనో, అందరికిని సులభముగనో యుండవలసి వచ్చినది. తగవునకు మూలము ఇచ్చటనే యున్నదని మా తలంపు.

ఇక 2006వ సంవత్సరమునకు వత్తము. నింటెండో 2001లో వెలువరించిన గేమ్‌క్యూబు 2 కోట్ల 17 లక్షలు మాత్రమే అమ్ముడుపోగా, ప్రతికక్షియగు సోనీవారి ప్లేస్టేషన్ 2 చివరకు 15 కోట్లను మించెను. 2002లో అధ్యక్షుడైన ఇవాటా సటోరు, ఆడువారి కొరకు పోరాడుటకంటె ఆడనివారిని పిలుచుట మేలని నిశ్చయించెను. ఆ నిశ్చయముయొక్క ఫలమే 2006 నవంబరులో వచ్చిన వీ యంత్రము. దాని చేతికర్ర టెలివిజను రిమోటువలె నుండును; దానిని విసరినచో తెరపై టెన్నిసు బ్యాటు కదలును. పెక్కు దేశములలో యంత్రముతోపాటే వచ్చిన వీ స్పోర్ట్స్ ఆట 8 కోట్ల గృహములకు పైగా చేరెను. అమెరికాలోని వృద్ధాశ్రమములందు అవ్వలు, తాతలు దానితో బౌలింగు పోటీలాడిరి. యంత్రములు మొత్తము 10 కోట్ల 16 లక్షలు అమ్ముడుపోయెను. చూచినవారు ఊరకుందురా? 2010లో మైక్రోసాఫ్టువారు కినెక్టును, సోనీవారు మూవును తెచ్చిరి.

పాత ఆటగాండ్రు దీనికేల నొచ్చుకొనిరి? అవ్వ టెన్నిసాడినందుకు కాదు. ఏండ్ల తరబడి వ్రేళ్లకు నేర్పిన విద్య చేయి విసరుటలో నక్కరకు రాదాయెను. దుకాణపు బల్లలపై చిల్లర యాటలు గుట్టలుగా పెరిగి, లోతైన యాటలు అరుదాయెను. 2009లో వచ్చిన న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ ఆటలో, ఒకే ఘట్టమున 8 మార్లు చచ్చినవానికి పచ్చని పెట్టె యొకటి కనబడును. దానిని కొట్టినచో యంత్రమే ఆ ఘట్టమును ఆడి చూపును. దానిని ముట్టవలెనన్న నిర్బంధము లేదు. అయినను, ఓటమి చెంత నుండగా ఆ పచ్చని పెట్టె తెరపై నిలుచుటయే వెక్కిరింతగా తోచెనని చెప్పినవారున్నారు. మాకును అట్లే తోచెను.

మన హైదరాబాదుకును ఈ గాలి సోకెను. ఆ నగరమందలి గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా యను ఆటను చేయగా, 2009లో సోనీవారు ప్లేస్టేషన్ 2కును చేతి యంత్రమునకును ప్రకటించిరి. అందు కబడ్డీ, గాలిపటములు, మన ప్రాంతమున చిర్రగోనె యనెడి యాట మొదలగునవి గలవు. ఎన్నడును కన్సోలు ముట్టని భారతీయ కుటుంబమును పిలుచుటయే అందలి యుద్దేశము. చిర్రగోనె వీధిలోనే దొరకుచుండగా తెరపై నేల యని పరిహసించుట సులువు. కాని మన నేలపై పుట్టిన యాట ప్రపంచపు యంత్రములోనికి ఎక్కుట చిన్న విషయము కాదు.

కాలము ఈ తగవును విచిత్రముగా తీర్చెను. వీని కొన్నవారిలో పెక్కుమంది వీ స్పోర్ట్స్ ఆడి, ముచ్చట తీరగానే అటకపై పెట్టిరి. 2012లో వచ్చిన వీ యు యంత్రము 1 కోటి 35 లక్షలు మాత్రమే అమ్ముడుపోయెను. తీరికవేళ ఆటగాండ్రు చేతి ఫోనునకు తరలిపోయిరి. కఠినమైన ఆటలు చావలేదు సరికదా, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థవారు 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ రచించి ఓటమినే ఆటకు ప్రాణముగా చేసిరి. 2022 నాటి వారి ఎల్డెన్ రింగ్ 2 కోట్ల 50 లక్షలకు మించి అమ్ముడుపోయెను. మా పక్షమువారి భయము ఇంతవరకు నిజము కాలేదనియే చెప్పవలెను.

మఱి సులభత కోరువారందరును సోమరులా? చేయి యొకటి సరిగా ఆడని బాలునికి కాంట్రా వేగము అన్యాయము. 2018లో మైక్రోసాఫ్టువారు అట్టివారి కొరకు పెద్ద మీటలు గల ప్రత్యేక సాధనమును చేసిరి. ఆ సంవత్సరమే వచ్చిన సెలెస్ట్ అను కడు కఠినమైన ఆటలో, వేగమును తగ్గించుకొనుటకును చావు లేకుండ చేసికొనుటకును వీలు కల్పించిరి. వలదన్నవారికి దాని కాఠిన్యము చెక్కుచెదరలేదు. తాత మేకను తిరిగి యిచ్చిన దానికి ఇది చాల దగ్గర. మా మొరలో సగము ఇచ్చట తీరినది.

తీరని సగము ఫోనులో నున్నది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా ఆటలో 5 ప్రాణములిత్తురు. పోయిన ప్రాణమొకటి తిరిగి వచ్చుటకు 30 నిమిషములు పట్టును. వేచియుండలేనివారు రొక్కము చెల్లించి కొనవలెను. 2016లో జియో రాకతో డేటా చవుకైన పిమ్మట ఇట్టి యాటలు రైలుపెట్టెలోను పొలముగట్టునను గూడ ఆడబడుచున్నవి. కాంట్రాలో 30 ప్రాణములు పది నొక్కులు వరుసగా గుర్తుంచుకొన్న బాలునికి ఊరకే దొరకెను. ఇచ్చట ప్రాణమునకు వెల కట్టబడినది. కొనువాడు బాలుడు, చెల్లించువాడు తండ్రి. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలునకును రహస్యపదమడుగునట్లు అమర్చుకొను వీలు కలదు. తలిదండ్రులు ఇంటికి పోగానే అది యున్నదో లేదో చూచుకొందురు గాక.