స్పిట్‌ఫైర్‌కి మద్రాసు చుట్టం!

అంబాసిడర్‌కి సామాను కావాలంటే విజయనగరంలో పాత మెకానిక్కులను అడగొచ్చు. అదే ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కైతే?

1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అది. మన దగ్గర షోరూమూ లేదు, స్పేర్‌పార్టుల కొట్టూ లేదు. అయితేనేం... దానికో దగ్గరి చుట్టం ఉంది. అదే 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్! స్పిట్‌ఫైర్ ముందు చక్రాల సస్పెన్షన్ హెరాల్డ్ నుంచి వచ్చిందే. అందుకే కారు పేరు చెబితే ‘లేదు’ అనే వ్యాపారి, హెరాల్డ్ సామాను అంటే లోపలికెళ్లి వెతుకుతాడు. ఆమదాలవలసలో చెన్నై రైలెక్కి పుదుప్పేట పాత సామాన్ల కొట్లు గాలించడం ఒక దారి. కస్టమ్స్ సుంకం కట్టి బ్రిటన్ నుంచి కొత్తవి తెప్పించుకోవడం మరో దారి.

బుష్‌ల్లాంటివి ఊళ్లో లేత్ మీద చేయించుకోవచ్చు. బ్రేకు సిలిండర్ రబ్బర్ల విషయంలో మాత్రం సర్దుబాటు కూడదు. ముందు చక్రం దగ్గరుండే ‘ట్రనియన్’ అనే కంచు ముక్కకు గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్ పట్టించాలి. ఆ నూనె అందకపోతే, దానిలో తిరిగే ఉక్కు కడ్డీ తుప్పు పట్టి, విరిగి, నడిరోడ్డు మీద చక్రమే వాలిపోవచ్చు!

ఇంకో మాట. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి కారు యాభై ఏళ్లు దాటితే చాలదు, అసలు రూపం మారకూడదు. కాబట్టి పాడైన పార్టునైనా పారేయొద్దు. రేపు కొత్తది చేయించాలంటే అదే కొలత!