చేతితో కూర్చిన పిస్తోలు

కుట్టుమిషను అనగానే మన యిండ్లలో సింగరు కంపెనీ పేరు జ్ఞప్తికి వచ్చును. ఆ కంపెనీయే 1941లో అమెరికా సైన్యమునకు 500 పిస్తోళ్లు చేసి యిచ్చినదన్న వింతగా తోచును. టైపుమిషన్లు చేయు రెమింగ్‌టన్ రాండు కంపెనీ రెండవ ప్రపంచయుద్ధకాలమున అవే పిస్తోళ్లను ఎనిమిది లక్షలకు పైగా తయారుచేసెను. ఒక కార్ఖానాలో చేసిన భాగము మరియొక కార్ఖానా పిస్తోలులో ఇమిడిపోవలెనని సైన్యము కోరినది. అందుకై భాగముల నడుమ కొద్దిపాటి సందు విడువవలసి వచ్చెను. ఆ సందును గూర్చియే ఈ ప్రసంగము.

ఈ పిస్తోలును కల్పించిన జాన్ బ్రౌనింగు 1855లో యూటా ప్రాంతమందలి ఆగ్డెనులో జన్మించెను. 1911 మార్చి పరీక్షలో ఇది 6,000 తూటాలను తడబాటు లేక పేల్చినది. ఆ నెల 29వ తేదిని సైన్యము దీనిని స్వీకరించెను. 1985లో బెరెటా పిస్తోలును ఎన్నుకొనువరకు అమెరికా సైనికులకు ప్రధానమైన పిస్తోలు ఇదియే.

ఇది పనిచేయు తీరు గమనింపుడు. పైన ముందువెనుకలకు జరుగు ఉక్కు తొడుగునకు స్లయిడు అని పేరు. తూటా పేలినపుడు గొట్టము, స్లయిడు ఒకదానినొకటి పట్టుకొని కొంచెము వెనుకకు పోవును. అంతట గొట్టము క్రిందికి వ్రాలి విడిపోవును. స్లయిడు ఇంకను వెనుకకు జరిగి ఖాళీ తొడిమను బయటకు విసరి, తిరిగి వచ్చునపుడు క్రొత్త తూటాను ఎక్కించును. గురి చూచు గుర్తులు స్లయిడు మీద నుండును. గుండు వెడలునది గొట్టమునుండి. కావున ప్రతి పర్యాయము గొట్టము సరిగా వెనుకటి చోటికే చేరవలెను. సందు ఎక్కువైన గురి చెదరును.

ఈ లోపమును సరిదిద్దుటకే నేర్పరులు చేతిపని నాశ్రయింతురు. కొంచెము పెద్దదిగా చేసిన గొట్టమును తీసికొని, దానికి మసివంటి రంగు పూసి అమర్చి చూతురు. రంగు చెరిగినచోట ఒరయుచున్నదని గ్రహించి, ఆకురాయితో వెండ్రుకవాసి మాత్రము తీసి, మరల అమర్తురు. వడ్రంగి తలుపును ద్వారబంధమునకు కూర్చునట్లే యిదియు.

అయితే పందెములలో పేల్చు పిస్తోలు వేరు, ఆత్మరక్షణకై వెంట నుంచుకొనునది వేరు. మొదటిదానికి గురియే ప్రధానము. రెండవది చెమట, ధూళి, దుస్తుల నూగు సోకినను ఆపదవేళ పేలి తీరవలెను. మిక్కిలి బిగువుగా కూర్చినది కొద్దిపాటి మురికికే పట్టుకొనిపోవచ్చును. కావున ఎంత సందు విడువవలెనో తెలిసినవాడే మంచి పనివాడు. దుస్తులను, చేతిని గీరు అంచులను అతడు గుండ్రముగా చేయును. సన్నని గురిగుర్తులకు బదులు స్పష్టముగా కనబడువానిని అమర్చును.

అన్నిటికన్న ప్రమాదకరమైనది ట్రిగ్గరు పని. వెనుకకు ఎత్తిన సుత్తిని పట్టి నిలుపునది మిక్కిలి చిన్న ఉక్కు అంచు. ట్రిగ్గరు తేలికగా నుండవలెనని ఆ అంచును అతిగా అరగదీసిన, స్లయిడు మూసికొను అదురునకే సుత్తి జారి, ఎవరును నొక్కకయే పిస్తోలు పేలవచ్చును. తీసిన ఉక్కును మరల అతికింపజాలము. గిరాకీదారు ఎంత కోరినను ఈ హద్దు దాటుటకు యోగ్యుడైన పనివాడు ఒప్పుకొనడు. పని ముగిసిన పిమ్మట, వెంట నుంచుకొనదలచిన తూటాలనే వందలకొలది పేల్చి పరీక్షించినగాని దానిని నమ్మరాదు.

అమెరికాలో ఇట్టి చేతిపని ఒక వృత్తిగా వర్ధిల్లినది. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము తుపాకిని తయారుచేయుటకే గాక, మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెను. ఆకురాయి ఒక్క గీత ఎక్కువైనను ప్రాణము పోవు పని గనుక, ఈ కట్టుబాటు సమంజసమే.