గురువు పేరు నిలబెట్టిన నటుడు

రంగస్థలం మీదా, వెండితెర మీదా సమానంగా రాణించినవారు అరుదు. అటువంటి అరుదైన నటుడు రిచర్డ్ బర్టన్. అయితే ఆ ఇంటిపేరు తండ్రిది కాదు, గురువుది!

వేల్సు దేశంలో పాంట్రిడివెన్ అనే పల్లెలో 1925 నవంబరు 10న ఒక బొగ్గుగని కార్మికునికి పన్నెండవ సంతానంగా పుట్టాడు. అసలు పేరు రిచర్డ్ జెంకిన్స్. రెండేళ్ళయినా నిండకుండానే తల్లి పోయింది. పోర్ట్ టాల్బట్‌లో కాపురమున్న పెద్దక్క సిసీలియా తమ్ముణ్ణి తీసుకుపోయి కన్నబిడ్డలా పెంచింది. మాతృభాష వెల్షు, ఇంగ్లీషు తరువాత నేర్చుకున్నదే. ఇల్లు గడవక మధ్యలో చదువు మాన్పించి బట్టల దుకాణంలో పనికి పెట్టారు.

తిరిగి బడిలో చేరినప్పుడు ఫిలిప్ బర్టన్ అనే మేష్టారు ఆ కుర్రవాణ్ణి చేరదీశారు. కొండ మీదికి తీసుకుపోయి షేక్‌స్పియరు నాటకాలు చదివించేవారు. తాము అంతకంతకు దూరం జరిగేవారు. కుర్రవాడు అరవకూడదు, మాట మాత్రం స్పష్టంగా వినిపించాలి. 1943లో దత్తత చేసుకుందామంటే చట్టం అడ్డు వచ్చింది. ఇద్దరికీ ఇరవైయొక్క సంవత్సరాల ఎడం ఉండాలట. ఇరవై రోజులు తక్కువైంది! చివరకు సంరక్షకులైనారు. శిష్యుడు గురువుగారి ఇంటిపేరే తన పేరు చేసుకున్నాడు.

కొండ మీది సాధన వృథా పోలేదు. 1951లో స్ట్రాట్‌ఫర్డ్‌లో యువరాజు హాల్ పాత్రతో రిచర్డ్ అందరి దృష్టినీ ఆకర్షించాడు. 1956లో లండన్‌లోని ఓల్డ్ విక్ నాటకశాలలో, జాన్ నెవిల్‌తో పాత్రలు మార్చుకుంటూ, ఒకనాడు మోసపోయే ఒథెల్లో, మరొకనాడు మోసగించే ఇయాగో ధరించాడు. ఒకే నటుడు ఒక రాత్రి ధర్మరాజు, మరుసటి రాత్రి శకుని వేసినట్లన్నమాట!

సినిమాలలోనూ అంతే. ‘క్లియోపాట్రా’ (1963)లో ఆంటొనీ. ‘బెకెట్’ (1964)లో రాజును ఎదిరించిన మతాచార్యుడు. 1965లో అలసిపోయిన గూఢచారి. 1966లో భార్యతో మాటల యుద్ధం సాగించే కాలేజీ ఆచార్యుడు. ఆ భార్య వేషం వేసినది నిజంగానే అప్పటి అతని భార్య, ఎలిజబెత్ టేలర్.

ఆస్కార్ బహుమానానికి ఏడుసార్లు పేరు వెళ్ళినా ఒక్కసారీ దక్కలేదు. తాగుడు ఆరోగ్యాన్ని తినేసింది. డబ్బు కోసం నాసిరకం చిత్రాలు ఒప్పుకుని రంగస్థలానికి అన్యాయం చేశాడని విమర్శకులు నిందించారు. ఆ నిందలో నిజం లేకపోలేదు. కాని సినిమాలలో పేరు మారుమోగుతున్న 1964లోనే న్యూయార్కులో 137 సార్లు హామ్లెట్ ఆడినదీ అతడే.

1984 ఆగస్టు 5న, 58 ఏళ్ళకే రిచర్డ్ కన్నుమూశాడు. మేష్టారు 1995 వరకు జీవించారు. 1954లో బి.బి.సి. ప్రసారం చేసిన డిలాన్ థామస్ రేడియో నాటకం ‘అండర్ మిల్క్ వుడ్’ రికార్డులో ఆ కంఠం నేటికీ వినవచ్చు. వేషమూ, తెరా లేని ఆ నాటకం వింటే, కొండ మీద గురువు పెట్టిన విద్యాభిక్ష ఎంతటిదో తెలుస్తుంది.