ఫారంలో ఒక గడియారం

పాతబస్తీలో ఒక తల్లి తన బిడ్డ స్కాలర్‌షిప్ దరఖాస్తును ఫోనులో నింపుతోందనుకోండి. చివర ‘కాగితాలు తీసుకుని ఎన్ని గంటలకు వస్తారు?’ అన్న గడి ఉంటుంది. ఆమె ‘6’ అని టైపు చేస్తుంది. పని ముగించుకుని సాయంత్రం వద్దామని ఆమె ఉద్దేశం. దరఖాస్తు చూసేవారు పొద్దున ఆరు అనుకుంటారు. ఆమె వచ్చేసరికి తలుపు మూసి ఉంటుంది. మర్నాడు మళ్లీ రావాలంటే ఒక పూట కూలి పోతుంది. దాతలు ఇచ్చిన సాయం ఇంత చిన్న గడి దగ్గర ఆగిపోకూడదు. అందుకే ఆ గడిని తాకగానే గడియారం తెరుచుకోవాలని మేము కోరుతున్నాం.

దీన్ని కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ‘టైమ్‌పికర్‌డైలాగ్’ అన్న పేరుతో సిద్ధంగా ఉంది. 2014లో వచ్చిన లాలీపాప్ నుంచి అది గుండ్రని గడియారంగా కనిపిస్తోంది. బడిలో మేము పిల్లలకు నేర్పే వరుసే ఇక్కడా ఉంటుంది: ముందు గంట, తర్వాత నిమిషం. ఏఎం, పీఎంలలో ఒకటి ఎంచి ‘ఓకే’ నొక్కితే యాప్‌కు రెండు అంకెలు అందుతాయి. గంట 0 నుంచి 23 వరకు, నిమిషం 0 నుంచి 59 వరకు ఉంటాయి. సాయంత్రం ఆరున్నర అంటే 18, 30. కనుక రంజాన్‌లో తెల్లవారుజాము 4:30, సాయంత్రం 4:30 ఒకదానితో ఒకటి కలవవు.

మిగతా జాగ్రత్తలు ఫారం తయారుచేసేవారివి. ‘క్యాన్సిల్’ నొక్కితే అంతకుముందు ఎంచిన సమయం చెరగకూడదు. ఆఫీసు మూసి ఉండే వేళ ఎంచినా గడియారం తనంతట తాను వద్దనదు. ఆ సంగతి ఫారమే వెంటనే చెప్పాలి. ఎంచిన సమయాన్ని ‘సాయంత్రం 6:30’ అని తెలుగులో, ఉర్దూలో తిరిగి చూపాలి.

ఇంకొకటి. గడియారం గంటను చెబుతుంది కానీ అది ఏ దేశపు గంటో చెప్పదు. జెద్దాలోని దాత ఫోనులో మాట్లాడేందుకు రాత్రి 9 ఎంచితే, హైదరాబాద్‌లో అప్పటికి 11:30 అవుతుంది. కనుక గడి పక్కన ‘హైదరాబాద్ సమయం’ అని రాయాలి.

1889లో చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలు అమర్చారు. ఏ దారిన వచ్చినవారికైనా వేళ తెలుస్తుంది. మన ఫారం కూడా అలాగే ఉండాలి. మీరు సాయం చేస్తున్న సంస్థకు యాప్ ఉంటే, ఒకసారి ఆ ఫారం తెరిచి, చదువు అంతగా రాని మనిషి చేత సమయం ఎంపిక చేయించి చూడండి. ఆమె తడబడితే, మార్చవలసింది ఆమెను కాదు, ఫారాన్ని.