వేడినీటి ధార సన్నగిల్లినప్పుడు

ధనుర్మాసపు వేకువ స్నానాల కోసం గీజరును శుభ్రం చేయించిన మరునాడే వేడినీటి ధార సన్నగిల్లడం కొన్ని ఇళ్ళలో కనిపిస్తుంది. భోగాపురం వంటి తీరప్రాంతాలలో బోరునీటిని వాడే గృహస్థులు దీని కారణం తెలుసుకొనడం మేలు.

కఠినజలం కాగినప్పుడు అందులో కరిగియున్న సున్నపు లవణాలు గీజరు లోపల తెల్లని పెచ్చులుగా పేరుకుంటాయి. శుభ్రపరచే వేళ ఊడిన పెచ్చులు నీటితో సాగిపోయి ఇరుకైన చోట చిక్కుకుంటాయి.

ముందుగా విద్యుత్తును ఆపి, నీటిని చల్లారనివ్వాలి. ఒకే కుళాయిలో చన్నీరు, వేడినీరు రెండూ తగ్గితే దాని మూతి జల్లెడను విప్పి, నిమ్మరసంలో నానబెట్టి కడగాలి. అక్కడ వేడినీరు మాత్రమే తగ్గితే పెచ్చు ఆ కుళాయి వేడినీటి భాగంలో చిక్కియుండవచ్చు. అన్ని కుళాయిలలోనూ వేడినీరు తగ్గితే, గీజరుకు నీరందించే వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నదో లేదో చూడాలి. తెరిచియున్నా ఫలితం లేకుంటే పనివారిని పిలిపించాలి.

ఒక్క హెచ్చరిక: చుక్కలు పడుతున్నాయని సేఫ్టీ వాల్వు నోటిని ఎన్నడూ మూయరాదు. నీరు కాగి వ్యాకోచించినప్పుడు పెరిగే ఒత్తిడి అటుగానే వెలుపలికి పోతుంది. ధార సన్నగిల్లితే స్నానం ఆలస్యమౌతుంది. ఆ దారి మూసుకుంటే ట్యాంకు పగిలి ప్రాణాపాయమే కలుగవచ్చు.